ఎన్ని రోజుల చుట్టీ? – మన వాపసీల తారీఖ్

పరదేస్ నుంచి వచ్చిన మనిషిని మన మొహల్లాలో సలాం తర్వాత అడిగే మొదటి మాట ఒకటే. "కిత్తే దిన్ కీ చుట్టీ?" నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, మసీదు మెట్ల దగ్గరైనా హోటల్లో చాయ్ ముందరైనా అదే సవాల్. నలభై ఐదు రోజులనో రెండు నెలలనో చెప్పగలిగినంత కాలం ఆ మనిషికి ఇజ్జత్. "ఇంక పోను భాయ్, వచ్చేసిన" అన్నాడా, అడిగినవాడి గొంతు మారిపోతుంది. "అచ్ఛా... ఏమైంది? అంతా ఖైరియతే కదా?" అంటాడు, పుర్సాకు వచ్చినవాడిలా.

పోవడం గురించి మన దగ్గర బోలెడు కిస్సాలున్నాయి. కర్జ్ చేసి వీసా కొనడం, ఏజెంట్ ధోకా, బొంబాయిలో నెలల తరబడి పడిగాపులు, ఎడారిలో గొర్రెల కాపలా. వాపసీ గురించి రాసేవాళ్ళు తక్కువ. గల్ఫ్ అనగానే నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల పేర్లు చెప్తారు. అక్కడినుంచి పోయినవాళ్ళు ఎక్కువ కాబట్టి అది సహజమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్ళ ముచ్చట మాత్రం పక్కన పడిపోతుంది. నేను పుట్టింది నల్లగొండలో, నా ససురాల్ మహబూబ్‌నగర్‌లో. పద్నాలుగేళ్ళు దమ్మామ్‌లో నౌకరీ చేసి 2018లో బాల్‌బచ్చాతో సహా వచ్చేశాను. మా చిచ్చా 1990లో కువైట్ నుంచి వచ్చాడు. రెండు జిల్లాల్లోనూ నాకు తెలిసిన ఇళ్ళల్లో కనీసం ఒక్క వాపసీ లేని ఇల్లు తక్కువ.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. మన వాపసీలకు తేదీలున్నాయి, చరిత్ర రాసుకోలేదు. నాకు అర్థమైనంతలో ఆ చరిత్ర సారం ఇది: పోవడానికి ఖానూన్ ఉంది, దఫ్తర్ ఉంది, మెడికల్ ఉంది, ఏజెంట్ ఉన్నాడు. వచ్చి మళ్ళీ రోజువారీ జిందగీలో కుదురుకోవడానికి ఏదీ లేదు. అందుకే ప్రతి వాపసీ బరువూ ఇంటి మీదనే, అందులోనూ ఇంట్లో ఉన్న ఔరత్‌ల మీదనే పడింది.

పాలమూరు లెక్క

మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా 1890లో వచ్చింది. జనం నోట్లో అది ఇప్పటికీ పాలమూరే. ఆ పేరు దేశమంతా తెలిసింది లేబర్ వల్ల. మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు, గుంపు కడతాడు, లారీ ఎక్కిస్తాడు. మొగుడూ పెళ్ళాం జోడీగా పోయి డ్యాములు, కాలువలు, రోడ్లు కడతారు. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఊళ్ళో మిగులుతారు. ఇక బొంబాయికి మక్తల్, నారాయణపేట వైపు నుంచి పోయేవాళ్ళ లెక్కే వేరు. ఆ గుంపుల్లో మన గరీబ్ ముస్లింలూ ఉన్నారు.

ఆ వలసలో బాధ ఎంత ఉందో పాలమూరువాళ్ళకు చెప్పక్కర్లేదు. అడ్వాన్స్ పేరుతో మనిషిని కట్టేసుకునే పద్ధతి అది. కానీ అందులో ఒక సంగతి గమనించాలి. పోయేటప్పుడే వాపసీ ఎప్పుడో తెలిసి ఉండేది. వానలకు ముందు చాలామంది ఊరు చేరి విత్తనం పెట్టుకునేవాళ్ళు. ప్రతి ఏడూ పోతారు, ప్రతి ఏడూ వస్తారు కాబట్టి వచ్చినవాడు ఊరికి వింత కాదు. అతని మంచం అతని కోసం ఖాళీగానే ఉండేది. ఊరి ముచ్చట్లలో అతను వెనకబడేది ఆర్నెల్లో ఎనిమిది నెలలో.

గల్ఫ్ ఈ లెక్కను తిరగేసింది. అక్కడికి పోయేది ఒక్క మనిషి. కాంట్రాక్టు రెండేళ్ళు, ఆ తర్వాత రెండు నెలల చుట్టీ, మళ్ళీ రెండేళ్ళు. వాపసీకి తేదీ లేదు. ఇల్లు కట్టాక వస్తా, చెల్లె షాదీ అయ్యాక వస్తా, కొడుకు ఇంజినీరింగ్ అయ్యాక వస్తా అంటూ అది జరుగుతూ పోతుంది. చివరికి ఆ తేదీని పెట్టేది మనం కాదు, ఎక్కడో ఇంకొకరు. ఒక యుద్ధం, ఒక కొత్త ఫీజు, ఒక బీమారీ.

రూపాయి సముద్రం దాటిన జమానా

అసలు ఈ రాస్తా ఎప్పుడూ ఒకే దిక్కుకు నడవలేదు. నిజాం జమానాలో హజ్రమౌత్ అరబ్బులు నౌకరీ కోసం మన వైపు వచ్చేవాళ్ళు. నిజాం ఫౌజులో, సంస్థానాల్లో, జాగీర్దార్ల దేవిడీల దగ్గర పహరా వాళ్ళది. చాలామంది ఇక్కడే నికాహ్ చేసుకున్నారు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగాక వాళ్ళలో ఎంతోమందిని తిరిగి పంపించేశారు. అదీ ఒక వాపసీనే, తమ చేతుల్లో లేని వాపసీ.

గల్ఫ్ బజారులో ఒకప్పుడు నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చు వేసింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో తమ దీనార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించడంతో మిగిలిన ఎమిరేట్లూ దాన్ని వదిలేశాయి. తర్వాత 1973 అక్టోబర్ యుద్ధం. అప్పుడు పీపా 3 డాలర్ల దగ్గరున్న నూనె 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. ఆ డబ్బుతో ఎడారిలో రోడ్లు, రేవులు, మేడలు లేవడం మొదలైంది. కట్టే చేతులు కావాల్సి వచ్చాయి. మనవైపు చూస్తే కరువు. నాగార్జునసాగర్ నీళ్ళు 1967 నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారినా, దేవరకొండ, మునుగోడు వైపు బావుల్లో ఫ్లోరైడ్ నీళ్ళే. పాస్‌పోర్టు చేయించుకోవడానికి ఇంతకంటే వజహ్ అక్కర్లేదు.

ఖానూన్‌లో ఒక దిక్కే ఉంది

1922 నాటి ఇంగ్లీషువాళ్ళ చట్టాన్ని తీసేసి మన పార్లమెంటు 1983లో ఎమిగ్రేషన్ చట్టం చేసింది. పదో తరగతి పాస్ కానివాళ్ళు కొన్ని దేశాలకు నౌకరీ మీద పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ మంజూరు తీసుకోవాలి. మన పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల మీద ఇ.సి.ఆర్. అనే మాట ఆ చట్టం ముద్రే. ఏజెంట్లకు లైసెన్సు, జమానత్ సొమ్ము, కాంట్రాక్టు షరతులు అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే.

కానీ ఆ చట్టం ఎమిగ్రేషన్ అనే మాటకు చెప్పిన మానే చూడండి. పని కోసం భారతదేశం విడిచి వెళ్ళడం. అంతే. వాపసీ గురించి అందులో ఉన్నది చిక్కుకుపోయినవాడిని ఏజెంట్ జమానత్ సొమ్ముతో ఇంటికి పంపించడం వరకే. అంటే విమానం టికెట్టు దాకా. విమానం దిగినవాడు మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలన్నది ఆ చట్టానికి సంబంధం లేని ముచ్చట.

ఎమిరేట్స్‌లో, సౌదీలో, కువైట్‌లో వాపసీకి వాళ్ళ ఖానూన్ ఉంది. ఖురూజ్ నిహాయీ, అంటే చివరి నిష్క్రమణ. సౌదీలో ఎన్నో ఏళ్ళపాటు కఫీల్ ఒప్పుకుంటేనే ఆ ముద్ర పడేది. 2021 మార్చి నుంచే ఆ పట్టు కొంత సడలింది. మనిషి బయటికి పోయే దర్వాజాకు వాళ్ళు పెట్టుకున్న పేరు అది. లోపలికి వచ్చే దర్వాజాకు మన దగ్గర పేరు లేదు.

1990: వాపసీకి ధర పలికిన ఒకే ఒక్కసారి

1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజ్ కువైట్‌లోకి దిగింది. అప్పుడు అక్కడ లక్షన్నరకు పైగా మనవాళ్ళున్నారు. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో డేరాలు, అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా. దాదాపు రెండు నెలల్లో 488 విమానాలు నడిచాయి. లక్షకు పైగా మనుషుల్ని అలా తెచ్చారు. మా చిచ్చా వాళ్ళలో ఒకడు. కువైట్‌లో డ్రైవర్. బొంబాయి నుంచి రైల్లో వచ్చి దిగేసరికి చేతిలో ఒక బ్యాగు, జేబులో ఎవరూ మార్చుకోని దీనార్లు.

వచ్చిన మొదటి నెల ఇల్లంతా ఈద్. దాదీ మన్నత్ తీర్చడానికి జాన్‌పహాడ్ దర్గాకు పోయి కందూరు చేశారు. రెండో నెల నుంచి చిచ్చా సతమతం మొదలైంది. ఇంట్లో గ్లాసు ఎక్కడుందో ఎవర్నో ఒకర్ని అడగాలి. ఎనిమిదేళ్ళ కూతురు ఆయన్ని "అబ్బా" అనడానికి సిగ్గుపడి చిచ్చీతో కబురు చెప్పించేది. కిరాణా దుకాణంలో ఖాతా చిచ్చీ పేరున ఉండేది. చిచ్చా పోయి ఏదైనా అడిగితే దుకాణదారు "భాబీ చెప్పిందా?" అనేవాడు. ఆ మాటలో హేళన లేదు. పదేళ్ళుగా ఆ ఇంటి మాటంటే ఆమె మాటే.

ఆ వాపసీకి మాత్రం ఒక లెక్క కుదిరింది. 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 లోపల కువైట్, ఇరాక్‌లు విడిచి రావలసి వచ్చిన ప్రతి మనిషికీ ఒక మొత్తం ఖరారు చేసింది. ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకే రకం క్లెయిమూ పెట్టనివాళ్ళకు 4,000, 8,000. ఇరాక్ అమ్ముకున్న నూనె డబ్బులోంచి కోసి ఇచ్చారు. 1997 ప్రాంతంలో డాలర్ 36 రూపాయల దగ్గర ఉండేది. అంటే 2,500 డాలర్లు దాదాపు 90 వేలు. చిచ్చా ఆ సొమ్ముతో ఆటో కొన్నాడు.

ఆ డబ్బు చేతికందింది కాగజ్ ఉండబట్టే. పాస్‌పోర్టులో ముద్రలు, టికెట్టు ముక్క, కువైట్ ఐడీ కార్డు. ఆ బ్యాగులోంచి తీసి వాటిని ట్రంకు అడుగున దాచింది చిచ్చీ. "ఇంకెందుకు అవి" అని చిచ్చా అన్నాడట. ఆ కమిషన్ చివరి కిస్తు కట్టింది 2022 జనవరిలో. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ఒక దేశం నుంచి లేచిరావడాన్ని నుక్సాన్‌గా లెక్కగట్టి మన కూలీలకు డబ్బిచ్చిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

ఫీజు పెరిగింది, సామాన్ కట్టాం

ఆ తర్వాతి వాపసీలకు తుపాకీ చప్పుడు లేదు. 1996, 2007, 2018లలో ఎమిరేట్స్ ఆమ్నెస్టీలు ప్రకటించింది. కాగజ్ లేకుండా దాక్కుని పనిచేస్తున్నవాళ్ళు జుర్మానా లేకుండా ఇంటికి రావచ్చు. 2011లో సౌదీలో నితాఖాత్ వచ్చింది. స్థానికులకు ఇన్ని నౌకరీలు ఇవ్వాల్సిందేనని కంపెనీలకు రంగులు వేసి వర్గీకరించారు. ఆజాద్ వీసా మీద ఒక కఫీల్ పేరున వచ్చి ఇంకొకచోట పనిచేస్తున్నవాళ్ళకు 2013 నవంబర్ దాకా మోహ్లత్ ఇచ్చారు. ఆ కొన్ని నెలల్లో లక్షకు పైగా భారతీయులు సౌదీ విడిచారు. 2016లో మొబైల్ దుకాణాలు, 2018లో బట్టలు, ఫర్నిచర్, ఇంకొన్ని దుకాణాల నౌకరీలు స్థానికులకు పోయాయి.

నా వంతు వచ్చింది ఫీజు రూపంలో. 2017 జులై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాల్లు. 2018లో 200, 2019లో 300, 2020లో 400. నాకు బీవీ, ముగ్గురు పిల్లలు. మొదటి రేటున ఏడాదికి 4,800 రియాల్లు, చివరి రేటున 19,200. నా తన్ఖా మాత్రం పెరగలేదు. ఆ ఏడాది మా బిల్డింగులో ప్రతి జుమాకు ఒక ఇంటి సామాన్ అమ్మకానికి వచ్చేది. ఫ్రిజ్, సోఫా, పిల్లల సైకిల్. కొంతమంది బీవీ పిల్లల్ని పంపించి తాము బ్యాచిలర్ రూముల్లోకి మారారు. నలభై దాటిన మనుషులు మళ్ళీ బంక్ మంచాల మీద పడుకున్నారు.

2020లో మహమ్మారి వచ్చింది. మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. ఆ ఏడాది వచ్చినవాళ్ళలో చివరి నెలల జీతం అందనివాళ్ళు చాలామంది. అందరిలాగా కార్టన్లు కట్టి, తాడు బిగించి, మార్కర్‌తో పేరు రాసి తెచ్చే రివాజు కూడా వాళ్ళకు దక్కలేదు. ఇంటికి చేరకముందు క్వారంటైన్, అదీ సొంత ఖర్చుతో.

కాగజ్ మీద ఊరు మారిపోయింది

2010లో సూర్యాపేట నుంచి పోయి 2020లో తిరిగొచ్చిన ఒక మనిషిని ఊహించుకోండి. అతని పాస్‌పోర్టులో జిల్లా నల్లగొండ, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడు ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిగా జిల్లాలయ్యాయి. అదే రోజు మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా పోయింది. మన మన్నత్‌ల చిరునామా కూడా మారింది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న జహంగీర్ పీర్ దర్గా ఇప్పుడు రంగారెడ్డిలో, నల్లగొండ జాన్‌పహాడ్ ఇప్పుడు సూర్యాపేటలో. మొక్కింది ఒక జిల్లాలో, తీర్చేది ఇంకో జిల్లాలో.

అదే మనిషి చేతిలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పాస్‌బుక్ ఉంది. నిజాం జమానాలో 1941లో పుట్టిన ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్‌లో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ట్రంకులో చుట్టీకి వచ్చినప్పుడు వదిలిపోయిన 500, 1000 నోట్లు ఉన్నాయి. 2016 నవంబర్ 8 రాత్రి అవి రద్దయ్యాయి. పరదేస్‌లో ఉన్నవాళ్ళకు మార్చుకునే గడువు 2017 జూన్ 30తో ముగిసింది. పట్టా పాస్‌బుక్ పాతది. 2017లో భూముల రికార్డులు సరిచేశారు, 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది. అన్నిచోట్లా అడిగేది ఆధార్. ఆధార్ కావాలంటే గడిచిన ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉండాలన్నది 2019 దాకా ఉన్న నియమం. ఆ తర్వాతే పరదేస్ నుంచి వచ్చినవాళ్ళు రాగానే దరఖాస్తు పెట్టుకునే వీలు కలిగింది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. గల్ఫ్‌లో ఉన్నప్పుడు తెరిచిన ఎన్.ఆర్.ఇ. ఖాతా, వచ్చి స్థిరపడ్డాక అదే పేరుతో నడవకూడదు. బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగానో, విదేశీ కరెన్సీ ఉంచుకునే ఆర్.ఎఫ్.సి. ఖాతాగానో మార్పించుకోవాలి. దాని వడ్డీకి పన్ను మాఫీ కూడా పరదేస్‌లో ఉన్నంతవరకే. ఈ మాట విమానం దిగినచోట ఎవరూ చెప్పరు. చిచ్చాలు, మామూలు చెప్పుకోవాల్సిందే.

రేషన్ కార్డు కిస్సా వేరే. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంటికి పెద్ద అంటే పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో అందరికంటే పెద్దామె. పదేళ్ళ తర్వాత వచ్చిన మియాఁ కార్డు తీసి చూస్తే ఇంటి యజమాని స్థానంలో బీవీ ఫోటో ఉంటుంది. ఒకాయన నాతో నవ్వుతూ అన్నాడు, "నా ఇంట్లో నేనే డిపెండెంట్ అయిపోయిన, ఇకామా బీవీ పేరున ఉంది" అని. నాకు అందులో అన్యాయం కనిపించలేదు. సర్కార్ కాగజ్ మీద ఒక్కసారైనా నిజం రాసింది.

ఇల్లు ఎవరు నడిపారు

గల్ఫ్ ఇళ్ళను చూసి "ఫలానావాడు కట్టిన ఇల్లు" అంటాం. పైసా అతనిదే. ఇటుకల లారీ కోసం ఎండలో నిలబడింది, మేస్త్రీతో గొడవపడింది, సిమెంటు బస్తాలు లెక్కపెట్టింది ఆమె. డ్రాఫ్టు రావడానికి పదిహేను రోజులు పట్టే జమానాలో అప్పు తెచ్చి ఇల్లు గడిపింది ఆమె. సాస్‌ను దవాఖానాకు, పిల్లల్ని మద్రసాకూ బడికీ తిప్పింది, షాదీల్లో ఆ ఇంటి తరఫున సలామీ రాయించింది ఆమె. ఆమెకు దక్కింది కేసెట్‌లో రికార్డయిన గొంతు, తర్వాత ఎస్టీడీ బూతు ముందు ఇంతెజార్, ఆ తర్వాత వీడియో కాల్.

అలాంటి ఇంట్లోకి మగవాడు పూర్తిగా వచ్చేస్తే ఏమవుతుంది? అతనికి తెలిసిన ఇల్లు పోయేనాటిది. ఆమె నడిపే ఇల్లు ఈనాటిది. ఫ్యాన్ ఎందుకు తిరుగుతోంది, పిల్ల ఫోన్ ఎందుకు చూస్తోంది, పాలవాడికి అంతెందుకు ఇచ్చావు అని అతను హిసాబ్ అడగడం మొదలుపెడతాడు. అతనికి అది జిమ్మేదారీ. ఆమెకు అది పదిహేనేళ్ళ మెహనత్ మీద ఆడిట్. నాకు తెలిసిన ఇళ్ళల్లో వాపసీ తర్వాత మొదటి ఏడాది గొడవల్లో ఎక్కువ భాగం పైసల కోసం కాదు, ఇంట్లో ఆఖరి మాట ఎవరిదన్న దాని మీదనే.

పిల్లల బాధ ఇంకో రకం. మా పెద్దమ్మాయి దమ్మామ్‌లో పుట్టింది. ఇంట్లో దక్కనీ, బడిలో ఇంగ్లీషు, బయట కొంచెం అరబ్బీ. మేం వచ్చిన 2018-19లోనే తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ కొత్త చట్టం ఒకటో తరగతి, ఆరో తరగతి నుంచి అమలైంది. తను ఆరులో చేరింది. పదకొండేళ్ళకు అ ఆలు దిద్దింది. నేర్పింది పాలమూరు నానీ. ఆమె చదివింది ఐదో తరగతి. ఇప్పుడు ఆ అమ్మాయి నా తెలుగులో తప్పులు దిద్దుతుంది.

వతన్-ఎ-అస్లీ

మన ఫిఖ్‌లో దీనికొక అందమైన లెక్క ఉంది. హనఫీ మస్లక్‌లో ముసాఫిర్ నమాజ్‌ను ఖస్ర్ చేస్తాడు, నాలుగు రకాతులను రెండుగా. ఎక్కడైనా పదిహేను రోజులు ఉండే నియ్యత్ చేస్తే అది వతన్-ఎ-ఇకామత్, అక్కడ పూర్తి నమాజ్. మన జేబుల్లో ఉండే ఇకామా కార్డుదీ అదే ధాతువు. అక్కడినుంచి లేచి సఫర్‌కు బయల్దేరితే వతన్-ఎ-ఇకామత్ అయిపోతుంది. వతన్-ఎ-అస్లీ అలా కాదు. సొంత ఊరి హద్దులో కాలు పెడితే చాలు, ఒక్క గంట కోసం వచ్చినా, నియ్యత్ ఏదైనా, నమాజ్ పూర్తి. శరీఅత్ దృష్టిలో ఆ క్షణం నుంచే అతను ముఖీమ్. ఎవరూ "ఎన్ని రోజుల చుట్టీ" అని అడగరు.

కానీ మన దీన్ వాపసీని అంత తేలిగ్గా కూడా తీసుకోలేదు. సఫర్ నుంచి తిరిగొస్తే రసూలుల్లాహ్ (స.అ.స.) ముందు మసీదుకు వెళ్ళి రెండు రకాతులు చదివేవారు. చాలాకాలం దూరంగా ఉన్నవాడు కబురు లేకుండా రాత్రిపూట హఠాత్తుగా ఇంట్లోకి వెళ్ళకూడదని, ఇంటివాళ్ళు సిద్ధం కావడానికి వ్యవధి ఇవ్వాలని హదీసుల్లో ఉంది. సైనికులను నాలుగు నెలలకు మించి భార్యలకు దూరంగా ఉంచకూడదని హజ్రత్ ఉమర్ (రజి.) హుకుం చేసినట్టు రివాయత్ ఉంది. అంటే వచ్చేవాడి హక్కుతో పాటు ఇంట్లో ఉన్నవాళ్ళ హక్కునూ చూశారు. ఇల్లు నీదే అయినా, అక్కడ నీవు లేనప్పుడు నడిచిన జిందగీకి ఇజ్జత్ ఇచ్చి లోపలికి రమ్మన్నారు.

సర్కార్ చేసినది, చేయవలసినది

కేరళ ఈ సంగతి ముందే గ్రహించింది. 1996లో ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకుంది, 2008లో సంక్షేమ చట్టం చేసి తిరిగొచ్చినవాళ్ళకూ పెన్షన్ దారి చూపింది. కేంద్రం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన తెచ్చింది. ఇ.సి.ఆర్. కూలీలు పొదుపు చేస్తే సర్కార్ కొంత కలిపి, పెన్షన్‌తో పాటు వాపసీ, పునరావాసం కోసం ఒక నిధి. కాగజ్ మీద మంచి ఆలోచన. చేరినవాళ్ళు తక్కువని 2017లో మూసేశారు. 2020లో తిరిగొచ్చినవాళ్ళ హునర్ వివరాలు రాసుకోవడానికి స్వదేస్ అనే రిజిస్టర్ పెట్టారు. తెలంగాణ సర్కార్ 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. తాబూత్‌లో వచ్చిన మనిషి ఇంటికి అది పెద్ద ఆసరా, షుకర్ చెప్పాల్సిందే. ప్రాణంతో నడిచి వచ్చిన మనిషికి కూడా జిల్లా దఫ్తర్‌లో ఒక బల్ల ఉండాలి. ఆధార్, ఖాతా, రేషన్ కార్డులో పేరు, ఓటు, పిల్లల టీసీ, అక్కడ నేర్చుకున్న పనికి ఇక్కడ చెల్లే సర్టిఫికెట్. ఇవన్నీ ఒకే చోట చెప్పే మనిషి ఒక్కడు చాలు. పదిహేనేళ్ళు క్రేన్ నడిపి వచ్చినవాడు మిర్యాలగూడ రైస్‌మిల్లు గేటు దగ్గర వాచ్‌మెన్‌గా కూర్చోవడం అతనికొక్కడికే నుక్సాన్ కాదు.

సర్కార్ బల్ల వచ్చేలోపు మన బిరాదరీ చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి మసీదు కమిటీలో జుమా తర్వాత గంటసేపు కాగజ్ పనులు తెలిసిన ఒక నౌజవాన్ కూర్చోవచ్చు. వచ్చే మనిషి ఆర్నెల్ల ముందే బీవీతో కూర్చుని ఇంటి హిసాబ్ వినవచ్చు. చెప్పడం తర్వాత, ముందు వినడం. మొదటి ఏడాది దుకాణం పెట్టకుండా, జమీన్ కొనకుండా, ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకుంటే సగం బేచైనీ తగ్గుతుంది. ఎవరైనా "వచ్చేసిన" అంటే "ముబారక్" అనడం మనకు ఖర్చులేని పని.

ఇంకొక్క పని. ఇంట్లో ట్రంకుల్లో పాత పాస్‌పోర్టులు, ఇకామాలు, డ్రాఫ్టు రసీదులు, కేసెట్లు, ఉత్తరాలు ఉంటాయి. ఇల్లు సున్నం వేసినప్పుడు పారేయకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఎవరు ఏ తారీఖున పోయారు, ఏ తారీఖున వచ్చారు, ఎందుకొచ్చారు రాయండి. రాసేటప్పుడు ముందుగా అమ్మీని అడగండి, చిచ్చీని అడగండి, ఆపాను అడగండి. పోయినవాళ్ళకు అక్కడి సంగతి తెలుసు. ఇక్కడేం జరిగిందో వాళ్ళకే తెలుసు.